పూజ్యుడగు బీడ్ పండితుని చరిత్రము

2019వ సంవత్సరము మార్చి నెలలో మా తరగతి బాలుడొకడు మమ్ము నిరుత్తరులను జేసెను. ఈస్టరు పండుగ యేటేట తేదీ మార్చుకొనుచుండుటకు కారణమేమని పిల్లలడుగగా, వసంత ఋతువున పగలును రాత్రియు సమానమగు విషువద్దినము గడచిన పిమ్మట వచ్చు మొదటి పున్నమ తరువాతి ఆదివారమే ఈస్టరని మేము శిక్షణ కళాశాలలో నేర్చుకొన్నది నేర్చుకొన్నట్లే చెప్పితిమి. ఆ బాలుడు ఇంటికి బోయి పంచాంగము చూచి వచ్చెను. ఆ యేట విషువత్తు మార్చి 21వ తేదీ తెల్లవారుజామున వచ్చినది. హోలీ పున్నమ అదే ఉదయము 7 గంటలు దాటిన పిదప ముగిసినది. అట్లయినచో 24వ తేదీ ఆదివారమే ఈస్టరు కావలసియుండగా, సంఘపు క్యాలెండరులో ఏప్రిల్ 21 అని అచ్చువేయుట పొరపాటు గాదా యని అతడు వినయముతోనే అడిగెను. మాకు జవాబు తోచలేదు. మరునాడు చెప్పెదమని తప్పించుకొంటిమి గాని, ఆ మరునాడు రావడానికి కొన్ని వారములు పట్టెను.

ఆ జవాబును వెదకుచు పోగా మాకెదురైన మహాపురుషుని చరిత్రమునే ఈ పుటలలో వ్రాయుచున్నాము. ఆయనయు మావలె బడిపంతులే. పన్నెండు వందల యేండ్లకు పైగా గతించిన ఆంగ్ల సన్యాసి, పూజ్యుడని లోకము పిలుచు బీడ్. ఈస్టరు లెక్కను కల్పించినవాడు ఆయన గాడు. అయినను దానిని పిల్లలకు అర్థమగునట్లు బోధించి, పడమటి దేశములన్నిటను స్థిరపరచినవాడు ఆయనయే.

మా జహీరాబాదు వారికి కాలగణన భేదములు క్రొత్తవి గావు. 1956వ సంవత్సరము వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. నిజాము ప్రభువుల కాలమున ఇచ్చటి కచేరీ కాగితములపై ఫసలీ సంవత్సరమును, ఆజూరు, దై, బహమన్ మొదలగు మాసములును వ్రాయబడుచుండెను. మసీదులో హిజ్రీ సంవత్సరము, ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని జాతరకు మాఘ బహుళ చతుర్దశి, మిషను బడిలో ఇంగ్లీషు తేదీ. పాత పట్టా కాగితముపై 1350 ఫసలీ యని చూచి, అది బహమనీ సుల్తానుల నాటిదని సంతోషించిన పిల్లలను మేమెరుగుదుము. నిజమునకది 1940-41వ సంవత్సరము. ఇట్టి చిక్కులను విప్పుటకే సి. పి. బ్రౌను దొరగారు వెనుకటి శతాబ్దములలో హిందూ, మహమ్మదీయ కాలమానములను గూర్చి శ్రమపడి గ్రంథములు వ్రాసిరి. బీడ్ పండితుని కాలపు చిక్కు ఇంతకంటె కఠినమైనది. ఏలయన, అక్కడ రెండు మతములవారు గాక, ఒకే ప్రభువును కొలుచువారే రెండు దినములలో ఒకే పండుగను చేసికొనుచుండిరి.

మొదట యూదుల లెక్కను కొంచెము తెలిసికొనవలెను. తెలుగువారికిది సులభము. వారి మాసము చాంద్రమాసము. దినము మనకు సూర్యోదయముతోను ఇంగ్లీషువారికి అర్ధరాత్రితోను ఆరంభమగునట్లు, వారికి సూర్యాస్తమయముతో ఆరంభమగును. కావుననే శుక్రవారము ప్రొద్దుగ్రుంకగనే సబ్బాతు వచ్చును. నీసాను మాసము 14వ దినమున సాయంకాలము పస్కా గొర్రెపిల్లను వధించి, ఆ రాత్రి, అనగా 15వ దినము పుట్టగనే, భుజింపవలెను. చంద్రుని పన్నెండు మాసములు సూర్యుని సంవత్సరమునకు దాదాపు 11 దినములు తక్కువ గదా. ఆ తక్కువను సరిచేయనియెడల పస్కా వసంతమును విడిచి చలికాలములోనికి జారిపోవును. మహమ్మదీయులు అధికమాసమును వర్జించినందున, వారి రంజాను ఎండకాలమునుండి చలికాలమునకును, చలికాలమునుండి వానకాలమునకును తిరుగుచు, సుమారు 33 యేండ్లకు మొదటి స్థానమునకు వచ్చుచున్నది. యూదులట్లుగాక మనవలెనే అధికమాసమును చేర్చుదురు. 19 సంవత్సరములలో ఏడు అధికమాసములు వేసినచో సూర్యచంద్రులు మరల కలిసికొందురు. పూర్వము యెరూషలేములోని పెద్దలు నెలవంకను చూచిన సాక్షుల మాటవిని మాసమును ప్రకటించుచు, యవలు పండినవో లేదో విచారించి అధికమాసమును నిర్ణయించుచుండిరి. జనము చెదరిపోయిన పిదప, నాలుగవ శతాబ్దమున రెండవ హిల్లేలను పెద్ద ఆ లెక్కను స్థిరపరచెనని వారి సంప్రదాయము చెప్పును.

మన ప్రభువు పస్కా పండుగ సమయముననే సిలువ వేయబడెను. ఆదివారమున లేచెను. ఇచ్చటనే చిక్కంతయు నున్నది. మాసములోని దినమును పాటింపవలెనా, వారమును పాటింపవలెనా? చిన్న ఆసియాలోని సంఘములు నీసాను 14వ దినము ఏ వారమున వచ్చినను ఆ దినమే పండుగ యనిరి. రోమా మొదలగు సంఘములు ఆదివారము తప్పరాదనిరి. రెండవ శతాబ్దమున స్ముర్న సంఘపు వృద్ధుడగు పోలికార్పు రోమాకు వచ్చి, అచ్చటి అధ్యక్షుడైన అనికేతుతో మాటలాడి, ఒకరినొకరు ఒప్పింపలేక, అయినను కలిసి ప్రభు సంస్కారము తీసికొని సమాధానముతో విడిపోయిరి. తరువాతి వారికి అంత ఓర్పు లేకపోయెను. 325వ సంవత్సరమున నికయ సభ అందరును ఒకే ఆదివారమున పండుగ చేయవలెనని తీర్మానించెను. యూదులు తమ మాసమును ఎట్లు నిర్ణయించినను దానికొరకు కనిపెట్టుకొనరాదనియు అప్పుడే తేలినది. ఆ సందర్భమున కొన్‌స్తంతీను చక్రవర్తి పంపిన లేఖలో యూదులను గూర్చి పలికిన పరుషములు మాకు నచ్చవు. ప్రభువు తానే పస్కా ఆచరించిన యూదుడని ఆ లేఖ వ్రాసినవారు మరచిరి.

ఒకే ఆదివారమని తీర్మానించుట సులభము. ఆ ఆదివారమేదో ముందుగా తెలిసికొనుట కష్టము. దూరదేశములకు జాబు వెళ్లుటకు నెలలు పట్టు ఆ కాలమున, పున్నమను చూచి పండుగ చేయుదమనిన కుదరదు. ఉపవాస దినములు అంతకు నలువది దినముల ముందే మొదలుకావలెను గదా. కావున ఆకాశమును విడిచి పట్టికను ఆశ్రయించిరి. అలెగ్జాండ్రియా పట్టణపు విద్వాంసులు 19 సంవత్సరముల చక్రమును, మార్చి 21వ తేదీ విషువత్తను నియమమును ఏర్పరచిరి. రోమాలో నివసించిన దియోనీసియుడను సన్యాసి 525వ సంవత్సరమున ఆ పట్టికను లాటినులోనికి తెచ్చి, 532 మొదలు 95 సంవత్సరములకు పొడిగించెను. అలెగ్జాండ్రియా వారు దియొక్లెతియను చక్రవర్తి పట్టాభిషేకమునుండి సంవత్సరములను లెక్కించుచుండగా, క్రైస్తవులను హింసించిన ఆ రాజు పేరు పండుగ పట్టికపై నుండుట సహింపక, ఆయన ప్రభువు నరావతారమునుండి లెక్కించెను. క్రీస్తు శకము పుట్టినది ఇట్లు.

ఇక మన కథానాయకుని దేశమునకు పోవుదము. ఇంగ్లండు ఉత్తర భాగమున నార్తంబ్రియా యను రాజ్యముండెను. అచ్చటికి సువార్త రెండు త్రోవలను వచ్చినది. రోమానుండి వచ్చినవారొక వైపు, ఐర్లండునుండి అయోనా ద్వీపముగుండా వచ్చినవారొక వైపు. ఐరిషు సన్యాసులు భక్తియందును దీనతయందును ఎవరికిని తీసిపోరు. కాని వారి పట్టిక 84 సంవత్సరముల పాత చక్రము. చంద్రుని 14వ దినము ఆదివారమైనచో వారు ఆనాడే ఈస్టరు చేయుదురు. రోమావారు 15వ దినము మొదలుకొనియే ఒప్పుకొందురు. ఓస్వియు రాజు ఐరిషువారియొద్ద పెరిగినవాడు. ఆయన భార్య యాన్‌ఫ్లెద్ కెంటు దేశమున రోమా మర్యాదలో పెరిగినది. అందుచే కొన్ని యేండ్లలో రాజు ఉపవాసము విడిచి ఈస్టరు విందు చేయుచుండగా, రాణియు ఆమె పరివారమును ఇంకను ఉపవాసముండి మట్టల ఆదివారము ఆచరించుచుండిరి. ఒకే ఇంట ఒకరు పునరుత్థాన గీతములు పాడుచుండగా మరియొకరు శ్రమలను ధ్యానించుచుండిరన్న మాట. 664వ సంవత్సరమున విట్బీ మఠమున, హిల్డా యను మఠాధిపతురాలి యింట, రాజు సభ చేసెను. ఐరిషు పక్షమున కోల్మను బిషప్పును, రోమా పక్షమున విల్ఫ్రిదు గురువును వాదించిరి. పరలోకపు తాళపుచెవులు పేతురునకీయబడెనన్న వాదమునకు రాజు లొంగెను. కోల్మను తన శిష్యులతో అయోనాకు తరలిపోయెను.

ఈ సభకు తొమ్మిది యేండ్ల తరువాత, సుమారు 673వ సంవత్సరమున, బీడ్ జన్మించెను. తల్లిదండ్రుల పేర్లు ఆయన ఎచ్చటను వ్రాయలేదు. ఏడేండ్ల వయస్సున బంధువులాయనను వియర్‌మౌత్ మఠమునకు తెచ్చి మఠాధిపతియైన బెనెడిక్టు బిస్కోపునకు అప్పగించిరి. హాస్టలులో పెరిగిన మా విద్యార్థులకు ఆ దినపు సంగతి మేము వర్ణించి చెప్పనక్కరలేదు. బిస్కోపు పలుమారులు రోమాకు ప్రయాణము చేసి పెట్టెలకొలది గ్రంథములను తెచ్చెను. గాలు దేశమునుండి అద్దపు పనివారిని రప్పించి దేవాలయపు కిటికీలకు గాజు పలకలు వేయించెను. సంగీతము నేర్పుటకు రోమాలోని పరిశుద్ధ పేతురు దేవాలయమునుండి యోహాను అను గాయకుని వెంటబెట్టుకొని వచ్చెను. ఇంగ్లండు పొలిమేరలోని ఆ చలి ప్రదేశమున అట్టి పుస్తకశాల ఉండుటచేతనే బీడ్ వంటి విద్వాంసుడు దేశము కదలకుండనే తయారగుట సాధ్యమయ్యెను. కొంత కాలమునకు జారో యను చోట తోడి మఠము కట్టబడి కియోల్‌ఫ్రిదు దాని కధిపతి యయ్యెను. అచ్చటి దేవాలయము 685 ఏప్రిల్ 23న ప్రతిష్ఠింపబడెనని చెప్పు శిలాఫలకము నేటికిని నిలిచియున్నది.

ఆ మరుసటి యేట మహామారి వచ్చెను. జారో మఠమున కీర్తనలు పాడగలవారందరును చనిపోగా, కియోల్‌ఫ్రిదును ఒక బాలుడును మాత్రమే మిగిలిరి. ప్రతి ప్రార్థనవేళకు ఇరు ప్రక్కల నిలిచి పాడు పల్లవులను పాడుటకు మనుష్యులు లేరు. మఠాధిపతి వానిని మాని కీర్తనలను మాత్రము చదువుటకు నియమించెను. ఒక వారము గడవకముందే ఆ వెలితిని సహింపలేక, కన్నీళ్లతో, ఆ బాలుని తోడుతో మరల యథావిధిగా పాడనారంభించెను. ఈ సంగతి వ్రాసిన గ్రంథమున ఆ బాలుని పేరు లేదు. అతడు బీడే యని పెక్కురు పండితులు నమ్ముదురు. మాకును అట్లే తోచుచున్నది. ఆరాధనకు నియమిత వేళయు నియమిత దినమును ఉండుట ఎంత విలువగలదో ఆ వారములో నేర్చినవాడే తరువాత కాలమును గూర్చి అంత పట్టుదలతో వ్రాసియుండును.

19వ యేట డీకనుగాను, 30వ యేట గురువుగాను ఆయన అభిషేకము పొందెను. లిండిస్‌ఫార్న్, యార్కు వంటి చోట్లకు పోవుట తప్ప జీవితమంతయు మఠముననే గడిపెను. చదువుట, బోధించుట, వ్రాయుట తన కానందమని తానే చెప్పుకొన్నాడు. వ్యాకరణము, ఛందస్సు, వేదవ్యాఖ్యానములు, భక్తుల చరిత్రములు ఎన్నో వ్రాసెను. వానినన్నిటిని ఇక్కడ పేర్కొన బూనుకొనము.

ఆయన లెక్కలు నేర్పిన విధము మాత్రము ఉపాధ్యాయులు వినదగినది. కాగితములేదు, తోలు పత్రము మిక్కిలి ఖరీదు. కావున చేతులే పలక. మన అంగళ్లలో పెద్దలు వేలి కణుపులమీద లెక్కించుటను చూచితిమి గదా. బొటనవ్రేలికి రెండు, తక్కిన నాలుగు వ్రేళ్లకు మూడేసి కణుపులు, మొత్తము ఒక చేతికి 14. వానికి అయిదు గోళ్లను కలిపిన 19. ఇదే చంద్రుని చక్రము. గోళ్లను విడిచి రెండు చేతుల కణుపులను లెక్కించిన 28. తేదీలును వారములును మరల మొదటివలె కుదురుటకు పట్టు సూర్యుని చక్రమిదే. 19ని 28తో హెచ్చించిన 532. అన్ని సంవత్సరములకు ఈస్టరు తేదీలన్నియు ఆ లెక్కలో మొదటి వరుసకు తిరిగి వచ్చును. పిల్లవాడు తన రెండు చేతులను చూచుకొని అయిదు శతాబ్దముల పండుగలను లెక్కింపగలడు. ఈ పాఠమును మేము మా తరగతిలో చెప్పి చూచితిమి. సంవత్సరమంతయు పుస్తకముతో సాధింపలేనిది అరగంటలో సాధ్యమయ్యెను.

703వ సంవత్సరమున బీడ్ కాలములను గూర్చి చిన్న పుస్తకమొకటి వ్రాసెను. అది ఆయనను గొప్ప ఆపదలోనికి తెచ్చినది. ఆ కాలపు క్రైస్తవులు సామాన్యముగా గ్రీకు పాత నిబంధనలోని వంశావళుల ననుసరించి, సృష్టి మొదలు క్రీస్తు వరకు 5199 సంవత్సరములని నమ్ముచుండిరి. బీడ్ హీబ్రూ మూలము ననుసరించిన జెరోము భాషాంతరమును పట్టుకొని లెక్కించి, 3952 అని తేల్చెను. ఈ భేదము కేవలము పండితుల ముచ్చట కాదు. లోకము ఆరువేల యేండ్లే నిలుచునని జనులు తలంచుచుండిరి. పాత లెక్క నమ్మినవారికి ఇంక నూరేండ్లయినను మిగిలియుండలేదు. అంతమునకు ఇంకను ఎన్ని సంవత్సరములున్నవని పల్లెటూరివారు ఆయననే అడుగుచుండెడివారు. 708వ సంవత్సరమున విల్ఫ్రిదు బిషప్పు సమక్షమున జరిగిన విందులో, త్రాగియున్న కొందరు, క్రీస్తు ఆరవ యుగమున వచ్చెనను సత్యమును బీడ్ కాదనెననియు అతడు దుర్బోధకుడనియు పలికిరి. బిషప్పు వారిని ఖండింపలేదు.

ఈ వార్త విన్నప్పుడు శాంతమూర్తియగు బీడ్ కోపముతో వణకెను. ప్లెగ్విను అను సన్యాసికి జాబు వ్రాసి, క్రీస్తు రాకను తాను కాదనలేదనియు, సంవత్సరముల సంఖ్య వేరు, యుగముల వరుస వేరనియు, లోకాంతపు వేళను లెక్కించుట మనుష్యుల పనిగాదనియు వివరించి, దానిని విల్ఫ్రిదు ఎదుట చదివింపవలెనని కోరెను. చిన్నతనమునుండి మఠము దాటనివానిపై ఇట్టి నింద పడుట, అదియు యూదుల గ్రంథములోని సంఖ్యను నమ్మినందున పడుట, ఆయనను ఎంతగా నొప్పించెనో ఆ జాబు తీరే చెప్పును. అయినను ఆయన తన సంఖ్యను మార్చలేదు. యూదులు నేడు వాడు సృష్టి శకము 2025 శరదృతువున 5786వ సంవత్సరమున ప్రవేశించినది. బీడ్ సంఖ్య దానితో సరిగా కలియదు గాని, గ్రీకు లెక్కకంటె దానికే మిక్కిలి సమీపమున నున్నది.

చిన్న పుస్తకము శిష్యులకు చాలలేదు. 725వ సంవత్సరమున కాలగణనమును గూర్చిన పెద్ద గ్రంథమును ముగించెను. భూమి డాలువలె గాక బంతివలె గుండ్రముగానుండుటచేతనే దేశదేశమునకు పగటి కొలత భేదించుననియు, చంద్రోదయము దినదినమునకు ముప్పాతిక గంటకు పైగా ఆలస్యమగుచుండగా సముద్రపు పోటును అట్లే ఆలస్యమగుననియు, ఒకే తీరముననున్న రేవులలో సయితము పోటు వేళ వేరువేరుగా నుండుననియు అందు వ్రాసెను. ఈ కడపటిది చదివి నేర్చినది గాదు. సముద్రపు ఒడ్డున నున్నవారు చూచి చెప్పినది. పూర్వపు ఆంగ్లేయుల మాసములను గూర్చి చెప్పుచు, వారు ఏప్రిలును ఎయోస్త్రె యను దేవత పేరిట పిలుచుచుండిరనియు, ఆ పేరే పస్కా కాలమునకు నిలిచినదనియు తెలిపెను. ఆ దేవతను గూర్చి లోకమున మిగిలిన సాక్ష్యము ఆయన మాటయొక్కటియే. మన తెలుగు బైబిలులోని పస్కా యను మాట హీబ్రూ మూలమును నిలుపుకొనగా, ఇంగ్లీషు ద్వారా వచ్చిన ఈస్టరను మాట ఆ పూర్వపు మాసము పేరును మోయుచున్నది.

దియోనీసియుని 95 సంవత్సరముల పట్టికను బీడ్ గ్రంథము 1063వ సంవత్సరము దాక, అనగా 532 సంవత్సరముల పూర్ణచక్రమునకు విస్తరించినది. ప్రతులు వ్రాసికొని యూరపు మఠములన్నియు దానిని చేకొనెను. క్రీస్తు శకమును చరిత్ర రచనలో మొదటినుండి తుదివరకు వాడిన గొప్ప గ్రంథము 731లో ఆయన ముగించిన ఆంగ్ల సంఘ చరిత్రమే. ప్రభువు అవతారమునకు ముందటి సంవత్సరములను గూర్చి ఒకచోట వెనుకకును లెక్కించెను. సున్న యను సంఖ్య వారి కంకెలలో లేనందున, నేటికిని క్రీస్తు పూర్వము 1 తరువాత క్రీస్తు శకము 1 వచ్చుచున్నది. దియోనీసియుని ఆరంభమే కొంచెము తప్పు. హేరోదు క్రీస్తు పూర్వము 4లో చనిపోయెనని పండితులలో పెక్కురు లెక్కించుటచేత, ప్రభువు జననము అంతకు ముందే జరిగియుండవలెను.

పట్టికపై బీడ్ నమ్మకము ఎంతటిదో ఒక చిన్న సంగతి చూపును. 664వ సంవత్సరపు సూర్యగ్రహణము మే 1వ తేదీన జరిగినది. ఆయన చరిత్రములో మే 3 అని వ్రాసెను. పట్టిక ప్రకారము అమావాస్య ఆనాడే రావలసియుండుటచే అట్లు సవరింపబడెనని పండితుల ఊహ. ఆకాశము ఒక మాట, కాగితము ఒక మాట చెప్పగా కాగితమే గెలిచినది. మా తరగతి బాలుని ప్రశ్నకు జవాబు మాకు ఇచ్చటనే దొరికినది. సంఘము చూచునది ఆకాశమందలి పున్నమ గాదు, పట్టికలోని పున్నమ. విషువత్తును ఆకాశమున ఎప్పుడు వచ్చినను, లెక్కలో మార్చి 21యే. 2019లో పట్టిక పున్నమ 20వ తేదీన, అనగా నియమిత దినమునకు ఒక్క దినము ముందు పడెను. కావున తరువాతి పున్నమ కొరకు ఏప్రిల్ వరకు ఆగవలసివచ్చెను. అతని పంచాంగము తప్పు గాదు. సంఘపు క్యాలెండరును తప్పు గాదు. మేము చెప్పిన సూత్రమే అసంపూర్ణము.

బీడ్ లోని దోషమును దాచుట మాకిష్టము లేదు. వేల్సు ప్రాంతపు బ్రిటను క్రైస్తవులు రోమా ఈస్టరును నిరాకరించినందున, వారి సన్యాసులనేకులు చెస్టరు యుద్ధమున చంపబడుట దైవదండనయని ఆయన వ్రాసెను. ఆయుధములులేక ప్రార్థించుచు నిలిచినవారి చావును అట్లు వ్రాయుట ఆయన కలమునకు తగదు. అయినను, ఐరిషువాడగు ఐదను బిషప్పును గూర్చి వ్రాసిన భాగములు చదివినప్పుడు ఆ కోపము చల్లారును. ఐదను ఈస్టరును తప్పు దినమున ఆచరించెనని స్పష్టముగా చెప్పుచునే, అతడు కాలినడకను ఊరూర తిరుగుట, రాజు ఇచ్చిన గుఱ్ఱమును బిచ్చగాని కిచ్చివేయుట, ధనికులను గద్దించుట ప్రేమతో వర్ణించెను. ఐరిషువారు ఏ వారమైనను 14వ దినమే పండుగ చేయుదురను నిందను ఖండించి, వారును ఆదివారముననే చేయుదురని న్యాయముగా సాక్ష్యమిచ్చెను. 716వ సంవత్సరమున ఎగ్బెర్టు అను వృద్ధుని ఉపదేశముచే అయోనావారు క్రొత్త లెక్కను స్వీకరించిరి. ఆ ఎగ్బెర్టు 729 ఏప్రిల్ 24న ఈస్టరు దినముననే మరణించెను. ఆ ద్వీపమున అంతకు ముందెన్నడును ఆ తేదీన ఈస్టరు ఆచరింపబడలేదని బీడ్ మురిసిపోవుచు వ్రాసెను.

పట్టికకును ఆకాశమునకును మధ్య ఎడము పెరుగుచునే యుండెను. పాత రోమా సంవత్సరము నిజమైన సౌరసంవత్సరముకంటె 11 నిమిషములు పొడుగు. సుమారు 128 యేండ్లకు ఒక దినము తప్పును. 1582వ సంవత్సరమున పదమూడవ గ్రెగొరీ పోపు అక్టోబరు 4వ తేదీకి మరునాడు 15 అని ప్రకటించి పది దినములు తీసివేసెను. ఇంగ్లండు 1752లో దానిని అంగీకరించెను. తూర్పు సంఘములలో పెక్కు ఈస్టరుకు నేటికిని పాత లెక్కనే పట్టుకొనియున్నవి. 2024లో మాకు మార్చి 31న ఈస్టరు, వారికి మే 5న. ఆ యేట యూదులకు అధికమాసము వచ్చినందున పస్కా ఏప్రిల్ 22 సాయంకాలమున, అనగా మన చైత్ర పున్నమకు ఆరంభమయ్యెను. హోలీ పున్నమ వెంట మేము, చైత్ర పున్నమకు యూదులు, దాని తరువాత తూర్పువారు! గుంటూరు జిల్లా చేబ్రోలు వద్ద కొత్తరెడ్డిపాలెమున సబ్బాతును, యూదుల పండుగలను ఆచరించు తెలుగు కుటుంబములు కొన్ని గలవు. వారి పస్కా రొట్టెలు కాలునాటికి మా ఈస్టరు గడచి మూడు వారములయ్యెను. 2025లో, నికయ సభకు 1700 యేండ్లు నిండిన యేట, తూర్పు పడమర సంఘములు రెండును ఏప్రిల్ 20వ తేదీననే ఈస్టరు చేసికొనెను. అది తీర్మానముచే గాదు, రెండు పట్టికలు యాదృచ్ఛికముగా కలియుటచే.

735వ సంవత్సరమున ఈస్టరుకు కొన్ని దినములు ముందు బీడ్‌కు ఊపిరి యాడుట కష్టమయ్యెను. అయినను దినదినము శిష్యులకు పాఠము చెప్పుచు, రాత్రులు కీర్తనలు పాడుచుండెను. అప్పుడాయన యోహాను సువార్తను తన ప్రజల ఇంగ్లీషులోనికి మార్చుచుండెను. ఆరోహణ పండుగకు ముందటి మంగళవారమున కాళ్లు వాచెను. బుధవారము ఉదయము వ్రాయువారిని త్వరపెట్టెను. మధ్యాహ్నము తన చిన్న పెట్టెను తెప్పించి, అందున్న మిరియములు, చేతిగుడ్డలు, ధూపద్రవ్యమును మఠపు గురువులకు పంచిపెట్టెను. ఆ మిరియములు మన మలబారు తీరమునుండి చేతులు మారి పోయినవే కదా యని మేమిచ్చట ఒక్క నిమిషమాగితిమి. సాయంకాలము విల్బెర్టు అను బాలుడు ఇంకొక్క వాక్యము మిగిలినదని చెప్పెను. గురువు దానిని చెప్పెను, బాలుడు వ్రాసెను. పిమ్మట ఆయన తన గది నేలమీద, నిత్యము ప్రార్థించు చోటి వైపు ముఖముంచి కూర్చుండి, త్రియేక దేవుని మహిమ గానము చేయుచు ప్రాణము విడిచెను.

ప్రొద్దు అప్పటికే వాలినది. మన గడియారముల ప్రకారమది మే 25, బుధవారము. ఆయన శిష్యుడు కత్‌బెర్టు జాబులో మే 26 అని, అనగా ఆరోహణ పండుగ దినమని వ్రాసెను. సాయంకాలముతో మరుసటి దినము పుట్టునని యూదులనుండి సంఘము నేర్చిన లెక్క ప్రకారము, పండుగ అప్పుడే ఆరంభమైనది. ఆయన ఎముకలు పదునొకండవ శతాబ్దమున డర్హము దేవాలయమునకు తేబడి నేటికిని అచ్చటనే యున్నవి. సంఘ క్యాలెండరులో ఆయన స్మరణ దినము మే 25.